తుమ్మితే తడిసిన తొమ్మిదేళ్లు

ఆత్మకూరులో ఒక పెండ్లివారికి పరుపు కుడుతున్న రోజు అది. మేము దూదేకులవాళ్లం. నా మొగుడు మస్తాను విల్లు కట్టి దూది ఏకుతున్నాడు. నేను కొత్త గుడ్డ పరిచి, దాని మీద కూర్చుని, అంచు కుడుతున్నాను. నా మూడో కాన్పయి రెండు నెలలు కూడా కాలేదు. బిడ్డ పక్కనే నిద్రపోతోంది. దూది ధూళి ముక్కులోకి పోయింది. తుమ్మాను. కాళ్ల మధ్య వెచ్చగా తడి తగిలింది.

లేచి చూస్తే పెండ్లివారి గుడ్డ మీద అరచేయంత మరక. అంతలో అత్త వచ్చింది.

"ఏంది మే అది, బిడ్డ పోసిందా?"

"ఊఁ" అన్నాను.

రెండు నెలల పసిబిడ్డ మీద నేరం మోపాను. ఈ జబ్బు నాతో ఆడించిన మొదటి అబద్ధం అదే. తరువాత ఎన్ని ఆడానో నాకే గుర్తు లేదు. మిషన్ బడిలో ఐదు తరగతులు చదివినదాన్ని కాబట్టి ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. సిగ్గుపడి మెత్తగా రాయమంటే నా వల్ల కాదు. సిగ్గుపడబట్టే నేను తొమ్మిదేళ్లు పోగొట్టుకున్నాను.

నెల తిరిగేసరికి తుమ్మితే పోవడం, దగ్గితే పోవడం, నవ్వితే పోవడం. బావిలో చేద తోడుతుంటే ఒక్కొక్క గుంజుకు ఒక్కొక్క చిమ్ము. పొద్దస్తమానం ధూళిలో బతికే మాకు తుమ్ము ఎప్పుడు రాదు? మూతికి గుడ్డ కట్టుకున్నాను. ఇల్లంతా దూదే గనుక ఉండలు చేసి పెట్టుకున్నాను. తడిసిన ఉండలను దిబ్బలో పూడ్చేదాన్ని. కూర్చుంటే, కదిలితే తేడా ఏమిటో కొద్ది రోజుల్లోనే తెలిసింది. ఊరికే కూర్చుంటే ఒక్క చుక్క రాదు. కడుపు మీద ఒత్తిడి పడితే చాలు, ఆగదు.

అప్పుడు నాకు తోచిన వైద్యం నీళ్లు మానడం. మా వైపు ఎండలు ఎట్లాంటివో నేను చెప్పాలా? నాలుక పిడచకట్టుకుపోతున్నా పొద్దున ఒక చెంబు, మాపున ఒక చెంబు. అంతే. ఎవరైనా మజ్జిగ ఇస్తే పుచ్చుకుని బిడ్డలకు పోసేదాన్ని.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది.

మా ఇంట్లో ఐదు పూటలా నమాజు తప్పదు. నాకు ఏడేళ్లప్పుడు మా నాయన పక్కన నిలబెట్టి నేర్పించాడు. అప్పటినుంచి నెలసరి రోజులు, కాన్పు రోజులు తప్పిస్తే నేను ఏనాడూ మానలేదు. ఒక మధ్యాహ్నం సజ్దాకు వంగి, నుదురు నేలకు ఆనించాను. చర్రున పోయింది. లేచేసరికి చాప తడిసి ఉంది. వెనక నుంచి అత్త చూసింది.

"మైలపడి, నాపాకీతో దేవుని ముందర నిలబడతావా మే? ఆ చాప తీసి అవతల పారెయ్. బాగయ్యేదాకా నిలబడాకు."

"కావాలని చేస్తానా అత్తా? వంగితే పోతాండాది."

"పోతాంటే నమాజెట్లవుతాది? నా కండ్ల ముందర వద్దు, చెప్తాండా."

అత్త చెడ్డ మనిషి అని నేను అనను. తనకు తెలిసిందే ధర్మం అనుకునే మనిషి, అంతే. కానీ ఆ ఒక్క మాటతో నన్ను దేవుడి దగ్గర నుంచి లేపేసింది. ఇంట్లోవాళ్లు నమాజులో ఉన్నప్పుడు నేను పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. రంజాను నెలలో అందరితోపాటు రోజా ఉండి, ఇఫ్తారుకు వండిపెట్టి, వాళ్లు వరుసగా నిలబడితే నేను గిన్నెలు తోమేదాన్ని. నా కూతురు పెద్దదవుతూ అడిగింది, "అమ్మా, నువ్వెందుకు చదవవు?" అని. కడుపునొప్పి అని చెప్పాను. ఇంకొక అబద్ధం.

నాలుగేళ్లు గడిచాక మస్తాను నన్ను ఒక ఎల్.ఎం.పి. డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆ డాక్టరు నా ముఖం చూడలేదు. అడిగేవన్నీ మస్తానును అడిగాడు. "ఎంతమంది పిల్లలు? ముగ్గురా? ముగ్గుర్ని కన్న ఆడదానికి ఇవి మామూలేనప్పా. టానిక్ రాస్తా. నీళ్లు తగ్గించమను." ఇంతే వైద్యం. ఒక చెయ్యి వేసి చూడలేదు, ఒక మాట నన్ను అడగలేదు. మామూలేనట. ఆయన పంచె తడిసి నలుగురిలో నిలబడితే అప్పుడు మామూలు అంటాడేమో అడగాలని ఈనాటికీ ఉంది.

ఎర్రటి టానిక్ తాగాను. ఉన్న రెండు చెంబుల నీళ్లలో ఒకటి తగ్గించాను. ఆరో ఏడు ఎండాకాలంలో మంట మొదలైంది. నిప్పులు పోసుకున్నట్టు మూత్రం, వణుకుతో జ్వరం. మంచం పట్టాను.

మా వీధి చివర క్రైస్తవుల ఇండ్లున్నాయి. అక్కడి రత్నమ్మక్క కడప వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తూ, సెలవుకు ఇంటికి వచ్చింది. నన్ను చూడడానికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. ముక్కు మూసుకోలేదు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి అడిగింది.

"హుసేనమ్మా, నీకు దగ్గితే పోతాంటాదా?"

ఆరేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు ఏడుపు వచ్చింది. తలకాయ ఊపాను.

"ఏడ్సాకు. దీనికి ఆపరేషన్ ఉండాది. మా దొరసానమ్మ చేస్తాది. శానామందికి చేసింది, నేను కండ్లారా చూసినా."

ఆపరేషన్ ఉంది. ఆరేళ్లుగా ఉంది. మామూలే అన్న ఆ డాక్టరుకు తెలియకపోతే తెలియదని చెప్పి పంపాలి గదా. పెట్రోలు దొరకని యుద్ధం రోజులు అవి. నేనూ మస్తానూ బొగ్గుతో నడిచే బస్సులో రెండు చోట్ల దిగి ఎక్కి ఆసుపత్రి చేరాము.

దొరసానమ్మ, ఆ ఆసుపత్రి తెల్ల డాక్టరమ్మ, తెలుగును పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. మొదటి ప్రశ్న, "దినమునకు ఎన్ని నీళ్లు త్రాగుదువు?" చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది. "నీ బ్లాడరులో, మూత్రపు సంచిలో, చీమున్నది. నీళ్లు లేక అది కుళ్లుచున్నది. ఇది నీవు తెచ్చుకొన్న జబ్బు. దగ్గినపుడు పోవు జబ్బు వేరు." ముందు సల్ఫా మాత్రలు, కడవల కొద్దీ నీళ్లు. పది రోజులకు మంట పోయింది. తరువాత బల్ల మీద పడుకోబెట్టి దగ్గమంది. దగ్గాను. ఆమె చేతి మీదే పడింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం "మంచిది, కనబడినది" అని చేతులు కడుక్కుంది.

ఈ జబ్బు పేరు స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అని చెప్పింది. కాన్పుల్లో బ్లాడరు మెడ కింద ఉన్న బలం సడలిపోతుందట. దగ్గితే లోపలి ఒత్తిడికి ఆ మెడ మూసుకోలేదట. మూడు దారులున్నాయి అంది. ఒకటి, పెస్సరీ అనే రబ్బరు ఉంగరం లోపల పెట్టుకోవడం. కోత ఉండదు, కానీ ఉన్నన్నాళ్లే పని చేస్తుంది. రెండోది, కింది నుంచి కోసి బ్లాడరు మెడ కింద సడలిన చోటును దగ్గరకు లాగి కుట్లు వేయడం. మూడోది పెద్ద ఆపరేషన్, పొత్తికడుపు గోడలో ఉండే గట్టి పొరను పట్టీలా చీల్చి, మెడ కిందుగా తిప్పి కట్టడం. దాన్ని స్లింగ్ అంటారు. "రెండవది విఫలమైనచో మూడవది చేయుదుము" అంది.

"కుట్లు నిలుస్తాయా అమ్మా?" అని అడిగాను. నేను పరుపులు కుట్టేదాన్ని. నలిగిన గుడ్డ మీద కుట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలుసు.

"నిలుచును, నీవు నిలువనిచ్చినచో. కొందరికి నిలువదు. అబద్ధము చెప్పను."

ఆ మాటకే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది. ముందు ఉంగరం పెట్టించుకున్నాను. గొంతుకూర్చుని పని చేసే నాకు అది జారుతూ ఉండేది, లోపల పుండ్లు పడ్డాయి. నెలన్నర తరువాత తీసేసి కుట్ల ఆపరేషన్ చేశారు. ముఖం మీద ముసుగు పెట్టి మత్తుకు ఈథర్ చుక్కలు వేశారు. లేచేసరికి మూత్రం పోయే క్యాథెటర్ గొట్టం ఉంది. రెండు వారాలకు ఇంటికి పంపుతూ దొరసానమ్మ నాతో, "మూడు నెలలు ఏ బరువూ ఎత్తరాదు. నీళ్ల బిందె కూడ ఎత్తరాదు" అంది. అప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. మస్తాను బస్సు సంగతి కనుక్కోవడానికి పోయాడు.

ఇంటికి వచ్చి మొదటి తుమ్ము తుమ్మిన రోజు మరచిపోలేను. తుమ్మాను, ఊపిరి బిగబట్టి చూసుకున్నాను. పొడి.

అత్తకు మూడు నెలల సంగతి చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. మా ఇండ్లలో కాన్పయిన మనిషికి నలభై రోజులు. నలభై నిండితే తలంటి పోసి ఇంట్లో కలుపుకుంటారు. ఆ తరువాత ఆ మనిషి నమాజు చేయాలి, నీళ్లు తేవాలి, అన్నీ ఎత్తాలి. ఇది అందరికీ తెలిసిన లెక్క.

"బిడ్డను కన్నదానికే నలభై దినాలు సాలు. బిడ్డ లేని కోతకు మూన్నెల్లెందుకు? దొరసానులు అట్లనే చెప్తారు, వాళ్లకు పనీ పాటా ఉండాదా?"

నేను ఎదురు చెప్పలేదు. ఇది రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది. దొరసానమ్మ మాట చెవిలో ఉంది. అయినా నలభై నిండితే నమాజుకు నిలబడవచ్చునన్న ఆశ నా నోరు మూసేసింది. మూడు నెలలు అంటే ఇంకా యాభై రోజులు పొయ్యి దగ్గర కూర్చోవాలి. నలభై అయితే రేపే.

నలభై ఒకటో రోజు పొద్దున తలంటి పోసుకుని చాప వేసుకున్నాను. సజ్దాలో నుదురు నేలకు ఆనిన చోటునుంచి లేవబుద్ధి కాలేదు. మధ్యాహ్నం నమాజు కూడా చేశాను. ఆ సాయంత్రం ఒక షావుకారి పరుపులు బండి మీదికి ఎక్కించాలి. "ఒక చెయ్యి వెయ్యి మే" అంది అత్త. వేశాను. మస్తాను ఒక కొస, నేను ఒక కొస. భుజం మీదికి ఎత్తినప్పుడు లోపల ఎక్కడో పుటుక్కుమన్నట్టయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పూట నమాజుకు వంగితేనే మళ్లీ తడి.

రెండు పూటల నమాజు. ఆరేళ్లు ఎదురు చూసినందుకు నాకు దక్కింది అదే.

మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాను. దొరసానమ్మ మాట వినని సిగ్గుతో ఆసుపత్రి ముఖం చూడలేదు. ఇంకొక మూడేళ్లు. ఈలోగా మామకు ముసలితనం ముదిరింది. ఆయన పంచెలు నేనే ఉతికేదాన్ని. రెండేళ్లుగా రోజూ తడిసే ఉండేవి. చుక్కలు చుక్కలుగా ఎప్పుడూ పోతూనే ఉండేదట ఆయనకు. ముసలివాళ్లకు అది ఉండేదే అనుకుని ఉతికి ఆరేసేదాన్ని. ఒక శుక్రవారం మామ మసీదు నుంచి తిరిగి వస్తుంటే చేతిలో తడి పంచె పట్టుకుని ఆగిపోయాను. ఈయన మసీదులో ముందు వరుసలో నిలబడే మనిషి గదా అని అప్పుడు తోచింది.

"అత్తా, మామకూ పోతాంటాది గదా. మరి నమాజుకు యెట్ల పోతాడు?"

అత్త బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "ముల్లాను అడిగినాడు. ఆపుకోలేని జబ్బు గదా, పూటపూటకూ కాళ్లు చేతులు కడిగి వజూ చేసుకొని చదువుకో, తప్పు లేదు అన్నాడంట."

"ఎప్పుడన్నాడు?"

"రెండేండ్లాయె."

"మరి నా సంగతి?"

అప్పుడు తల ఎత్తింది. నిజంగా అర్థం కానట్టు చూసింది. "అది మగోళ్లకు గదమ్మే."

పంచె అక్కడే పడేశాను. కొంగు తల మీద కప్పుకుని తిన్నగా ముల్లా ఇంటికి పోయాను. మా ఇండ్ల కోడలు ఒంటరిగా ముల్లా గడప ఎక్కడం అదే మొదలు. ఆయన భార్య తలుపు దగ్గర కూర్చుంది. ఆయన లోపలి నుంచి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ఏమీ దాచకుండా చెప్పాను. తుమ్మితే పోవడం, వంగితే పోవడం, తొమ్మిదేళ్లు.

"కూచుంటే పోదు గదా తల్లీ?" అన్నాడు.

"కూచుంటే పోదు."

"అయితే కూచోనే చదువుకో. సజ్దాకు తల వంచితే సాలు. దీనికి మగోళ్లని, ఆడోళ్లని ల్యా. పెద్దల కితాబుల్లో ఉండే మాటే, నాది గాదు."

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పల్యా?"

"మగోళ్లు వచ్చి అడిగినారు, చెప్పినా. ఆడోళ్లెవరూ అడగల్యా."

"అడగకుంటే చెప్పగూడదా? శుక్రవారం శుక్రవారం అన్ని చెప్తారే, ఇదొకటి చెప్పి మీ ఇంట్లో ఆడోళ్లకు చెప్పండప్పా అంటే ఏం పాయె?"

ఆయన తలుపు దగ్గరి భార్య వైపు చూశాడు. మంచివాడే. "పోయిన నమాజులు ఖజా చేసుకో. పూటకొకటి కలిపి చదివితే తీరతాయి" అన్నాడు. పూటకొకటి అంటే తొమ్మిదేళ్లకు తొమ్మిదేళ్లు. ఆ రోజు ఇంటికి పోయి చాప వేసుకుని, కూర్చుని, తల వంచి చదివాను. అత్త చూసింది. మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఏమైనా అని ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

కూర్చుని చదవడానికి వీలు దొరికింది. కానీ నా నుదురు నేలకు ఆనాలి. ఆ రెండు పూటల రుచి నాకు తెలుసు. మూడో దారి అయిన స్లింగ్ ఆపరేషన్ చేయించుకుంటానని మస్తానుతో చెప్పాను. "అత్త కూడా రావల్ల" అన్నాను. "ఆమెందుకు?" అన్నాడు. "రావల్ల" అన్నాను.

దొరసానమ్మ నన్ను పరీక్ష చేసి, కళ్లద్దాలు తీసి, "ఎవరు ఎత్తమన్నారు?" అంది. నేను అత్తను చూపించాను.

"నలభై దినాలు నిండినాయి గదా తల్లీ" అంది అత్త.

"ఆ లెక్క బిడ్డకు. ఇది నా కుట్టు. నా కుట్టునకు నా లెక్క. మూడు నెలలు. నీ నోటితో చెప్పుము."

అత్త అటూ ఇటూ చూసింది. దొరసానమ్మ కదలలేదు. "మూన్నెల్లు" అంది అత్త చివరకు. "బిందె?" అంది దొరసానమ్మ. "బిందె గూడా ఎత్తగూడదు" అంది అత్త. అంత చిన్న పని అది. మూడేళ్ల కింద ఆ గదిలో అత్త ఉండి ఉంటే నాకు రెండో కోత ఉండేది కాదు.

ఈ ఆపరేషన్ మొదటిదాని కన్న చాలా కష్టం. పొత్తికడుపు మీద ఒక కోత, కింద ఒకటి. పై గాయం చీము పట్టింది. వారానికి క్యాథెటర్ తీస్తే ఒక్క చుక్క రాలేదు. ఇన్నేళ్లు ఆపుకోలేక ఏడ్చినదాన్ని, ఇప్పుడు రాక ఏడ్చాను. మళ్లీ గొట్టం వేశారు. "పట్టీ బిగువుగా నున్నది. బ్లాడరు నేర్చుకొనును, ఓర్చుకొనుము" అంది దొరసానమ్మ. మూడోసారి గొట్టం తీసినప్పుడు, ముందుకు వంగి కూర్చుంటే మెల్లగా వచ్చింది. రత్నమ్మక్క ఆ చప్పుడు విని, తలుపు అవతల నుంచే "స్తోత్రం" అంది.

ఇంటికి వచ్చిన నలభై ఒకటో రోజు మస్తాను పరుపు దగ్గర నిలబడి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే అత్త లేచింది. "మూన్నెల్లన్నాది గదా దొరసాని. నీకు చేతుల్ల్యావా? నువ్వే ఎత్తు." ఆ మాట వింటే సంతోషం కలగాలి. నాకు మాత్రం కోపమే వచ్చింది. ఇంత సులువుగా అనగలిగిన మాటా ఇది అని.

మూడు నెలలు నిండిన రోజు నమాజు మొదలుపెట్టక ముందు ఊరికే వంగి, నుదురు నేలకు ఆనించి, గట్టిగా దగ్గాను. మళ్లీ దగ్గాను. చాప పొడిగా ఉంది.

ఇప్పటికి రెండేళ్లు అయింది. తుమ్మితే తడవదు. మూత్రం నిండుగా ఉన్నప్పుడు పరుగెత్తితే ఒక చుక్క పోతుంది, పోనీ. మూత్రానికి కూర్చుంటే కాస్త ఎక్కువసేపు పడుతుంది. నీళ్లు కడుపు నిండా తాగుతున్నాను. విల్లు దగ్గర నా చోట నేను కూర్చుంటున్నాను.

చదివే అక్కచెల్లెళ్లకు చెప్పేది ఒక్కటే. ఇట్లాంటి ఆపరేషన్ చేయించుకుంటే, బరువు ఎత్తవద్దనే మాటను మీరొక్కరే వినకండి. ఇంట్లో మీకు బరువు ఎత్తమని చెప్పే మనిషి ఎవరో ఆ మనిషిని వెంట తీసుకుపోండి. డాక్టరు ముందర ఆ మనిషి నోటితోనే ఆ లెక్క చెప్పించండి.

మొన్న రంజానులో నేను పూట నమాజు ముగించి, ఖజా నమాజుకు మళ్లీ లేచి నిలబడుతుంటే అత్త పక్కన వచ్చి కూర్చుంది. ఆమె ముసలిదైపోయింది.

"హుసేనమ్మా, నన్ను మాఫ్ చేసినావా?"

"నీ మాటతో పోయినవి చదువుతాండా అత్తా. ఇంకా ఏడేండ్లవి ఉండాయి. అయిపోయినాక అడుగు."

అత్త లేచి పోలేదు. నేను ఆ నమాజు ముగించేదాకా పక్కనే కూర్చుంది.